అయిదో లక్షణం

మొదట చీమలు కుట్టాయేమో అనుకున్నాను.

2023 మార్చి నెల. డిగ్రీ పరీక్షలు మొదలై మూడో వారం. బస్సులో గంట దూరంలో ఉన్న వేరే కాలేజీలో నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. ఇన్విజిలేటరు కూర్చుంటే పిల్లలు కాపీ కొడతారని పైవాళ్ళ నమ్మకం. కాబట్టి గదిలో కుర్చీ ఉన్నా అది మన కోసం కాదు, జవాబుపత్రాల కట్టలు పెట్టుకోవడానికి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే చీలమండల చుట్టూ ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఒక్కొక్కటీ ఆవగింజంత. కాస్త దురద, కాస్త మంట. కొబ్బరినూనె రాసుకుని పప్పు తాలింపు పెట్టడానికి వెళ్ళిపోయాను.

తెల్లారేసరికి అవి మోకాళ్ళ దాకా పాకాయి. కొన్ని ఒకదాంతో ఒకటి కలిసిపోయి నేరేడుపండు రంగుకి తిరిగాయి. నడుము దగ్గర, లంగా బొందు బిగించే చోట, ఎవరో ఎర్రసిరాతో గీత గీసినట్టు ఒక వరస. వేలితో నొక్కి చూశాను. దోమకాటు ఎర్రదనమైతే నొక్కినప్పుడు తెల్లబడి, వదిలితే మళ్ళీ ఎర్రబడుతుంది. ఇవి ఎంత నొక్కినా మారలేదు.

ఆ రోజూ డ్యూటీకి వెళ్ళాను. గొప్పకోసం చెప్పడం లేదు. సెలవు కావాలంటే నా బదులు ఇంకో మనిషిని నేనే వెతికి పెట్టాలి. అంతకంటే చీర కుచ్చిళ్ళు రెండంగుళాలు కిందికి దింపి కట్టుకోవడం తేలిక. చీరకి ఈ సుగుణం ఉంది, ఎంత జబ్బునైనా దాచిపెడుతుంది.

ఇంట్లో ఎన్నాళ్ళు దాగుతుంది? "వేడి చేసింది. వంకాయ తినొద్దంటే విన్నావా?" అన్నారు అత్తయ్య. పక్కింటావిడ చూసి అమ్మవారేమోనని రెండడుగులు వెనక్కి వేసి, వేపాకులు పంపించింది. కాలేజీలో స్నేహితురాలు సర్పి అంది. మా ఆడపడుచు ఫోన్లోనే రక్తం చెడిందని తేల్చేసింది. "ఆ కంప్యూటర్ ముందు రాత్రి రెండింటిదాకా కూర్చుంటే ఇలాగే అవుతుంది" అన్నాడు నా సహచరుడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క కారణం. అన్నింట్లోనూ ఉన్న పోలిక ఏమిటంటే, చేసుకున్నది నేనే. తినకూడనిది తిన్నాను, ఎండలో తిరిగాను, పడుకోవలసిన వేళ రాసుకున్నాను. ఆడదాని ఒంటి మీద ఏ మచ్చ వచ్చినా అది ఆవిడ నడవడికి సాక్ష్యమే.

మా వీధి చివరి డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే "ఎలర్జీ" అని మాత్రలు రాశాడు. రెండు రోజులు మింగాను. మూడో రోజు మడమలు వాచి చెప్పులు పట్టలేదు. అప్పుడు వెళ్ళాను చర్మవైద్యురాలి దగ్గరికి.

ఆవిడ నా కాలిని తన ఒడిలోకి తీసుకున్నారు. నేను గబుక్కున వెనక్కి లాక్కున్నాను. కాలు ఇంకొకరి ఒళ్ళో పెట్టడం ఎలాంటి అపచారమో మనకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు కదా! ఆవిడ నవ్వి మళ్ళీ లాగి, చుక్కల మీద గాజుపలక ఆనించి నొక్కారు. రంగు పోలేదు. "ఇప్పుడు కళ్ళు మూసుకుని మీరే తడిమి చూడండి" అన్నారు. వేళ్ళకి గసగసాల్లా తగిలాయి. చర్మం మీద రంగు మాత్రమే కాదు, గట్టిగా చేతికి తెలిసే పొంగు. ఈ రెండూ, అంటే నొక్కితే పోని రంగూ వేళ్ళకి తగిలే పొంగూ కలిసి కాళ్ళ మీద కనిపిస్తే ముందు అనుమానించవలసింది చర్మంలోని చిన్న రక్తనాళాల వాపునట. వాస్కులైటిస్. మూడు రోజులుగా నా కాళ్ళని ఎంతోమంది చూశారు, అభిప్రాయాలు చెప్పారు. వాటిని ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. ఏ చుక్కనైనా తీయకూడదట. పుట్టి ఒకటి రెండు రోజులైన దాన్ని వెతికి తీయాలి. ముదిరిన మచ్చలో అసలు కథ చెరిగిపోతుంది. "నిన్నటిది ఏది?" అని ఆవిడ అడిగితే నేను చెప్పలేకపోయాను. నా కాళ్ళ మీద ఏది ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు! ఆ రాత్రి బాల్ పెన్నుతో చుక్కల చుట్టూ గీతలు గీసుకున్నాను. పొద్దున గీతల బయట వచ్చినవి కొత్తవి. వాటిలోంచి రెండు ముక్కలు తీశారు. ఒకటి మామూలు మైక్రోస్కోపుకి, రెండోది ఆ గోడల్లో ఏ ప్రతిరక్షకాలు చిక్కుకున్నాయో వెలుగులో చూసే పరీక్షకి. వాటితోపాటు రక్తం, హెపటైటిస్ బి, సి పరీక్షలు, లూపస్ లాంటి జబ్బుల జాడ కోసం ఇంకో పరీక్ష. అన్నిటికంటే ముఖ్యమైనది మూత్రపరీక్ష అన్నారు. చర్మంలోని నాళాలకి వచ్చిన వాపు మూత్రపిండాల్లోని నాళాలకీ రావచ్చు, అక్కడ నొప్పి ఉండదు, మూత్రంలో రక్తమో ప్రోటీనో కనిపిస్తేనే తెలుస్తుంది. చర్మం మానిపోయినా కొన్ని వారాలు ఈ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించుకోవాలి. కడుపునొప్పి, నల్లటి విరేచనం, కీళ్ళనొప్పులు, చేతులకో కాళ్ళకో తిమ్మిరి, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సరే రమ్మన్నారు. చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ముక్కలో ఏం కనిపించిందో ఆవిడ బొమ్మ గీసి చెప్పారు. ఏ మందుదో, ఏ సూక్ష్మజీవిదో ఒక అణువు రక్తంలో ఉన్నప్పుడు శరీరం దాన్ని పరాయిదనుకుని ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. రెండూ అంటుకుని ముద్దలవుతాయి. మామూలుగా ఆ ముద్దల్ని శరీరమే ఊడ్చి పారేస్తుంది. ఊడ్చే శక్తికి మించి పేరుకుంటే అవి చర్మంలోని సన్నటి సిరల గోడల్లో ఇరుక్కుంటాయి. కేశనాళికలు దాటి రక్తం వెనక్కి మళ్ళే చోట ఉండే ఈ సిరలు వెంట్రుక కంటే సన్నం. ఇరుక్కున్న చోటికి తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. వచ్చి, తమ దగ్గరున్న ఎంజైములన్నీ కుమ్మరిస్తాయి. దాంతో ముద్దలూ పోతాయి, గోడా పోతుంది. ఆ పోరులో తెల్లకణాలే చచ్చి, వాటి కేంద్రకాలు పొడిపొడిగా రాలతాయి. మైక్రోస్కోపులో అది నల్లటి ధూళిలా కనిపిస్తుంది. బీటలు వారిన గోడల్లోంచి ఎర్రకణాలు చర్మంలోకి కారతాయి. నాళం దాటి బయటికొచ్చిన రక్తం కాబట్టే నేను ఎంత నొక్కినా అది పక్కకి తప్పుకోలేదు.

అంటువ్యాధి కాదు. పక్కింటావిడకి ఆ మాట చెప్పాను, నమ్మలేదు.

మరి కాళ్ళ మీదే ఎందుకు? భూమి లాగుతుంది కాబట్టి. నిలబడినప్పుడు గుండె నుంచి చీలమండ దాకా ఉన్న రక్తం బరువంతా కింది నాళాల మీద పడుతుంది. అక్కడ ఒత్తిడి ఎక్కువ, ప్రవాహం మందం. ముద్దలు అక్కడే దిగబడతాయి. మంచం పట్టినవాళ్ళకైతే వీపు మీదా పిరుదుల మీదా వస్తాయట. బిగుతుగా కట్టుకున్న చోటా వస్తాయి, నాకు లంగా బొందు దగ్గర వచ్చినట్టు. అంటే ఈ జబ్బు ఎవరు ఎంతసేపు నిలబడ్డారో, ఎక్కడ బిగించి కట్టుకున్నారో లెక్క రాసి పెడుతుంది! నా కాళ్ళని ఆ దృష్టితో చూసుకుంటే మూడు వారాల డ్యూటీ చార్టు కనిపించింది. కాలేజీ చార్టులో లేని డ్యూటీ కూడా ఉంది అందులో. పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర దాకా పొయ్యి ముందు, రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మళ్ళీ అక్కడే.

ఇది ఆడవాళ్ళ జబ్బు అని నేను అనడం లేదు. మగవాళ్ళకీ దాదాపు అంతగానూ వస్తుంది. నిలబడే చాకిరీ ఎవరికి ఎక్కువన్నదే వేరే లెక్క.

'వాపు' అని రాస్తున్నాను గానీ ఆ మాట నాకు తృప్తిగా లేదు. వాపు అంటే మనకి ఉబ్బడం. మంట అంటే మండడం. రెండూ కలిపి, ఇంకొన్ని కలిపి చెప్పే మాట వాడుకలో లేదు. వైద్యం పుస్తకాల్లో 'శోథ' అన్న సంస్కృతపు మాట ఉంది. అది మా అత్తయ్యకి చెబితే ఏదో శాపం అనుకుంటారు. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దానికి నాలుగు లక్షణాలు చెప్పాడు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి. తర్వాతివాళ్ళు అయిదోది చేర్చారు. ఆ భాగం తన పని తాను చెయ్యలేకపోవడం.

ఆ అయిదో లక్షణం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మిగతా నాలుగూ నాకున్నాయి. అయిదోది? వాచిన కాళ్ళతో డ్యూటీ చేశాను, పప్పు తాలింపు పెట్టాను, బస్సులో నిలబడి వచ్చాను. మగవాడి కాలు వాస్తే ముందు కనిపించేది అయిదోదే, అతను మంచం ఎక్కుతాడు. మిగతా నాలుగూ ఆ తర్వాత డాక్టరు వచ్చి చూస్తాడు. మన దగ్గర అది చివరిదాకా బయటపడదు. పడనివ్వం. పడనివ్వకపోవడాన్నే ఓపిక అని, ఇల్లాలితనం అని, ఈ మధ్య ఉద్యోగినుల విషయంలో సామర్థ్యం అని మెచ్చుకుంటారు. మెచ్చుకుంటే మనకీ బాగానే ఉంటుంది. అదే నాకు కోపం.

ఈ జబ్బు గురించి చదువుతుంటే ఒక ఆడమనిషి తగిలింది. 1866లో కుస్‌మౌల్, మయర్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు ఒక యువ దర్జీ శరీరంలోని ధమనుల వెంట బుడిపెల్ని చూసి ఒక జబ్బుకి పేరు పెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి రక్తనాళాల వాపు ఎక్కడ కనిపించినా, పెద్ద నాళమైనా చిన్న నాళమైనా, చాలావరకు ఆ పేరు కిందే జమకట్టారు. అది కుదరదన్నవారిలో ముఖ్యురాలు అమెరికాలోని సిన్సినాటిలో పనిచేసిన పాథాలజిస్టు పెర్ల్ జీక్. మందులకీ సీరమ్‌కీ శరీరం ఎదురుతిరిగినప్పుడు చిన్న నాళాలకి వచ్చే వాపు వేరు, ఆ పాత జబ్బు వేరు అని 1940ల చివర్లో చూపించి, 1952లో ఈ జబ్బులన్నిటికీ ఒక వర్గీకరణ ఇచ్చింది. తర్వాత వచ్చిన వర్గీకరణలకి మొదటి మెట్టు అదే. కానీ ఈ జబ్బుల పేర్లు చూడండి, హెనోక్, షోన్లైన్, వెగెనర్. అన్నీ మగవాళ్ళ పేర్లే. వీరిలో వెగెనర్ నాజీ పార్టీ సభ్యుడని బయటపడ్డాక 2011లో వైద్యసంఘాలు ఆ పేరు వదిలెయ్యమన్నాయి. అమెరికాలో చాపెల్ హిల్ అనే ఊరి పేరు మీద జరిగే నిపుణుల సమావేశం 2012లో మనుషుల పేర్లు చాలావరకు తీసేసి, జబ్బు లక్షణాన్ని బట్టి పేర్లు ఖాయం చేసింది. మంచిదే. పెర్ల్ జీక్ పేరు ఏ జబ్బుకీ ఎప్పుడూ లేదు కాబట్టి తీసెయ్యవలసిన అవసరం రాలేదు.

ఆవిడ వేరుచేసి చూపిన జబ్బుకి అప్పట్లో పేరుమోసిన కారణాల్లో సల్ఫా మందులొకటి. ఇది చదివి ఉలిక్కిపడ్డాను.

ఎందుకంటే, రిపోర్టులు వచ్చాక డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏం తిన్నారని కాదు. "ఈ రెండు వారాల్లో ఏ మందు వేసుకున్నారు?" అని. దాదాపు సగం మందిలో కారణం దొరకదట. దొరికినవాళ్ళలో మందులు, ఇన్ఫెక్షన్లు ముందుంటాయి. యాంటీబయాటిక్స్, నొప్పిమాత్రలు. మొదలుపెట్టిన వారం పది రోజులకి చుక్కలొస్తాయి. నేను వేసుకోలేదన్నాను. తర్వాత గుర్తొచ్చింది. చుక్కలు రావడానికి తొమ్మిది రోజుల ముందు మూత్రంలో మంట మొదలైతే, డ్యూటీ నుంచి వస్తూ బస్టాండు ఎదురుగా మందులషాపులో చెప్పి మాత్రలు కొనుక్కున్నాను. ఖాళీ అట్ట ఇంకా హ్యాండుబ్యాగులోనే ఉంది. తీసి చూపించాను. సల్ఫా మందు. ఆవిడ కేసుషీటు మీద 'మందు వల్ల కావచ్చు' అన్న అర్థం వచ్చేలా రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఇక జన్మలో ఆ జాతి మందు వేసుకోవద్దని ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకోమన్నారు.

వైద్యం అక్కడ ఆగింది. ఆగడం న్యాయమే, వాళ్ళ కాగితంలో అంతకంటే చోటు లేదు. నేను మాత్రం ఇంకొక్క అడుగు వెనక్కి వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆ మాత్ర ఎందుకు వేసుకున్నాను? మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది కాబట్టి. అది ఎందుకొచ్చింది? పొద్దున ఏడున్నరకి ఇల్లు వదిలితే మళ్ళీ సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చేదాకా బాత్రూంకి వెళ్ళలేదు కాబట్టి, వెళ్ళవలసి వస్తుందని మంచినీళ్ళూ తాగలేదు కాబట్టి. ఆ కాలేజీలో ఆడవాళ్ళ బాత్రూం ఉంది. తాళం వేసి ఉంది. తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు ఎక్కడో. మొదటి రోజు అడిగితే, తలుపు తీస్తే లోపల విరిగిన బెంచీలు, పాత జవాబుపత్రాల కట్టలు. కుళాయిలో నీళ్ళు లేవు. రెండో రోజు నుంచి నేను అడగలేదు. నాతో డ్యూటీకి వచ్చిన మిగతా అయిదుగురు ఆడవాళ్ళూ అడగలేదు. నీళ్ళు తాగకుండా రోజు గడపడం మాకందరికీ చదువుకునే రోజుల నుంచీ వచ్చిన విద్య. వాళ్ళలో ఒకామె నాకు సలహా కూడా ఇచ్చింది, "మధ్యాహ్నం మజ్జిగన్నం వద్దు మేడమ్, చపాతీ తెచ్చుకోండి" అని.

కారణం కోసం ఇంట్లోవాళ్ళు వంకాయ దాకా వెళ్ళారు. డాక్టరు మాత్ర దాకా వెళ్ళారు. తాళం దాకా వెళ్ళవలసింది ఎవరు? 1990ల మొదట్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' నా దగ్గర ఇప్పటికీ ఉంది, అట్ట ఊడిపోయి. మన శరీరం గురించి మనమే తెలుసుకోవాలన్న ధైర్యం నాకు ఆ పుస్తకం వల్ల వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ మాట క్లాసులో చెబుతున్నాను. అలాంటి నేను ముప్ఫయి రూపాయల మాత్ర కొనుక్కోవడానికి సిగ్గుపడలేదు, తాళం తియ్యమని రెండోసారి అడగడానికి సిగ్గుపడ్డాను. ఇది రాయడానికి ఏడాది పైనే పట్టింది.

ఆస్పత్రిలో ఓపీ వరసలో ఒకామె పరిచయమైంది. నాలుగేళ్ళుగా ఆమెకి ఇది వస్తూ పోతూ ఉంది. అలా తిరగబెట్టేవాళ్ళకి కొల్చిసిన్, డాప్సోన్ లాంటి మందులు ఇస్తారు. డాప్సోన్ ఎక్కువగా కుష్ఠు వైద్యంలో వాడే మందు. న్యూట్రోఫిల్స్ దూకుడు తగ్గిస్తుంది కాబట్టి ఇక్కడా పనికొస్తుంది. అది మొదలుపెట్టే ముందు జీ6పీడీ అనే ఎంజైము లోపం లేదని పరీక్ష చెయ్యాలి, లేకపోతే ఎర్రకణాలు విరిగిపోతాయి. ఇవన్నీ ఆమెకి కంఠతా వచ్చు. కానీ మాత్రల అట్టని పసుపు డబ్బాలో దాస్తుంది. మందులషాపువాడు ఆమె మరిదితో "ఇది కుష్ఠు మందు కదండీ, ఇంట్లో ఎవరికి?" అన్నాడట. ఆ నెల ఆమె పళ్ళెం, గ్లాసు వేరు చేశారు. ఆమె మందు మానేసింది. చుక్కలు పుండ్లయ్యాయి. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది, దొంగచాటుగా. ఆమె జబ్బుకంటే ఆమె దాచుకునే చోటు నాకు ఎక్కువ గుర్తుంది. ఆ ఇంట్లో మగవాళ్ళెవరూ చెయ్యిపెట్టని డబ్బా అదొక్కటేనట.

నాకు అంత పెద్ద వైద్యం అవసరం రాలేదు. అనుమానించిన మందు ఆపడం, వారం రోజులు తక్కువ మోతాదులో స్టెరాయిడ్, ఇంకా... "నిలబడొద్దు. కాళ్ళు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోండి. కొత్త చుక్కలు ఆగేదాకా, మూడు నాలుగు వారాలు" అన్నారు డాక్టరు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కూడా ఓపీలో నిలబడే ఉన్నారు.

తన కాళ్ళ మీద తాను నిలబడాలని ఇరవయ్యేళ్ళుగా ఆడపిల్లలకి చెబుతున్న మనిషిని. ఇప్పుడు నిలబడకపోవడమే మందు!

ఇంతకంటే చవకైన మందు లేదు. రెండు దిండ్లు చాలు. ఇంతకంటే ఖరీదైన మందూ లేదని మొదటి రోజే తెలిసింది. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం అంటే మన భాషలో పనీపాటా లేకుండా సుఖపడటం. కాళ్ళు బారజాపుకుని కూర్చుంటే ఆడపిల్లకి తొడపాశం. నేను హాల్లో సోఫా మీద దిండ్ల మీద కాళ్ళు పెట్టుకుని పడుకున్నాను. పాలవాడు వచ్చాడు, కాళ్ళు దింపాను. అత్తయ్య పూజగదిలోంచి వచ్చారు, దింపాను. చినమావయ్యగారు వచ్చారు, దింపడమే కాదు, లేచి నిలబడ్డాను. ఎవరూ దింపమనలేదు. కాళ్ళకే తెలుసు. మధ్యాహ్నానికి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రాత్రికి తొమ్మిది సార్లు. మర్నాటి నుంచి పడకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను, ఏదో చెయ్యరాని పని చేస్తున్నట్టు.

"హాయిగా పడుకో, నేను చూసుకుంటాను" అన్నాడు నా సహచరుడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అయిదు నిమిషాలకొకసారి తలుపు తట్టి కాఫీపొడి ఎక్కడుంది, గ్యాస్ బుక్ చేసే నంబరేది, అమ్మ బీపీ మాత్ర ఏ డబ్బాలో ఉంది అని అడిగాడు. కాళ్ళు పైనే ఉన్నాయి, ఇల్లు మాత్రం నా తలలో నిలబడే ఉంది.

అయిదో రోజు అత్తయ్య గదిలోకి వచ్చారు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తారు. నా కాళ్ళవైపు కాసేపు చూశారు. "పురుడు పోసుకున్నప్పుడు తప్ప పగటిపూట నేను మంచమెక్కి ఎరగను" అన్నారు. దెప్పారా, దిగులుపడ్డారా, నాకు ఇప్పటికీ తేలలేదు. "ఎత్తు చాల్లేదు" అని పాత బొంత మడిచి నా మడమల కిందికి తోసి వెళ్ళిపోయారు.

నేను నిలబడని ఆ నాలుగు వారాలూ మా ఇల్లు నిలబడింది ఎవరి కాళ్ళ మీద? ఇది రాయకపోతే మిగతాదంతా అబద్ధం. మా ఇంట్లో పనిచేసే ఆమె, పేరు రాయొద్దంది, నాలుగిళ్ళల్లో చేస్తుంది. మా ఇంట్లో రెండు గంటల పని అయిదు గంటలయింది. జీతం పెంచాను. పెంచానని రాసుకుంటే నా మనసు కొంచెం తేలికపడుతుంది, అంతే. ఒక రోజు గది తుడుస్తూ నా కాళ్ళు చూసి, "మీకూనా అమ్మా?" అంది. చీర జానెడు పైకెత్తి తన కాళ్ళు చూపించింది. మెలికలు తిరిగి ఉబ్బిన సిరలు, చీలమండ పైన చర్మం బొగ్గులా నల్లబడి, ఒకచోట పసుపు అద్దిన పుండు. నేను పాఠం మొదలుపెట్టాను. నాది సన్నటి నాళాల గోడలు పాడవడం, నీది పెద్ద సిరల్లోని కవాటాలు పాడవడం, రెండూ వేరు అని. ఆమె చీపురు ఆపి శ్రద్ధగా విని, "పెద్దాసుపత్రిలో నాకూ కాళ్ళు పైకి పెట్టుకోమనే చెప్పారమ్మా" అని నవ్వి, మంచం కింద తుడవడానికి వంగింది.

ఏప్రిల్ చివరికి కొత్త చుక్కలు రావడం ఆగింది. మూత్రపరీక్షలు అన్నీ బాగానే వచ్చాయి. పాత చుక్కలు మాత్రం కారిన రక్తంలోని ఇనుము చర్మంలో మిగిలిపోయి ముదురు గోధుమరంగు మచ్చలయ్యాయి. నెలల మీద వెలుస్తాయన్నారు. కొన్ని వెలిశాయి. మా అమ్మ పిక్కల మీద కూడా ఇలాంటి మచ్చలుండేవి. ఎవరూ కాగితం మీద ఏమీ రాయలేదు. చిన్నప్పుడు నేను అడిగితే చీర కుచ్చిళ్ళు సర్దుకుని "ఏం లేదు, పో" అనేది.

2024 మార్చిలో మళ్ళీ అదే కాలేజీలో డ్యూటీ పడింది. డాక్టరు చీటీ చూపించి గదిలో కుర్చీ అడిగాను. చీఫ్ సూపరింటెండెంటు చీటీ రెండుసార్లు చదివి, "మీ ఒక్కరికే, మిగతావాళ్ళకి చెప్పకండి" అన్నారు. రిజిస్టరులో సంతకం పెట్టే ముందు, ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవి ఎక్కడుందని అడిగాను. గదిలో ఎనిమిదిమందిమి ఉన్నాం, అయిదుగురం ఆడవాళ్ళం. అందరూ తలెత్తి చూశారు. అటెండరుని పిలిపించారు. అతను జేబులన్నీ వెతుక్కుని, అది పోయిన సంవత్సరమే పోయిందండీ, అప్పటి నుంచీ ఎవరూ అడగలేదు అన్నాడు. "అయితే పగలగొట్టండి, నేను ఇక్కడే ఉంటాను" అని, నా కుర్చీ తెచ్చుకుని ఆ తలుపు ముందు వేసుకుని కూర్చున్నాను.